చెదలను చంపే బదనిక ఈగలు: వేరుశనగ చేలో వాటివల్ల మేలెంత?

అనంతపురం జిల్లాలో వర్షాధారంగా వేరుశనగ వేసే ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఊడలు దిగి కాయ ఊరే దశలో చేలో అక్కడక్కడా మొక్కలు వడలిపోతున్నాయని, పీకి చూస్తే తల్లివేరు లోపల డొల్లగా మారి మట్టితో నిండి ఉందని ఆయన రాశారు. చెదల తలలో పెరిగి వాటిని చంపే బదనిక ఈగలు (బదనిక అంటే మరో ప్రాణి ఒంట్లో పెరిగి దాన్నే తిని బతికేది) ఉన్నాయని ఒక వీడియోలో చూశారట. తన గట్టు మీది పుట్టను గడ్డపారతో పగలగొట్టినప్పుడు కూడా చిన్న చిన్న ఈగలు వచ్చి ముసిరాయట. అందువల్ల, ట్రైకోకార్డులు (పురుగుల గుడ్లను చంపే ట్రైకోగ్రామా అనే బదనికలున్న అట్టముక్కలు) కట్టినట్టుగా ఆ ఈగలను కూడా కొని చేలో వదలవచ్చా, వదిలితే పురుగుమందు మానుకోవచ్చా అన్నది ఆయన సందేహం.

అలాంటి ఈగలు ఉన్నమాట నిజమే. అయితే వాటిని పెంచి రైతులకు అమ్మే వ్యవస్థ లేదు. ఒకవేళ ఎవరైనా పెంచి ఇచ్చినా, చేలో చెదల బెడద వాటివల్ల తగ్గుతుందని చెప్పడానికి ఆధారం లేదు. ఎందుకు తగ్గదో అర్థమైతే చెదల విషయంలో ఏ పద్ధతి పనిచేస్తుందో, ఏది పనిచేయదో మీరే తేల్చుకోగలుగుతారు గనుక ఈ సమాధానం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈగల సంగతి చూద్దాం. హాంకాంగ్‌లో మాక్రోటెర్మిస్ బార్నెయీ అనే చెదల జాతిలో సైనికుల తల లోపల వెర్టీషియా ఓరియంటాలిస్ అనే ఈగ పిల్లపురుగు పెరుగుతున్నట్టు 2008లో వెల్లడైంది. మాంసం మీదా కుళ్లిన పదార్థాల మీదా వాలే నీలి ఈగలు ఏ కుటుంబానివో, అంటే కాలిఫోరిడే, ఇదీ ఆ కుటుంబానిదే. ఆ కుటుంబంలో చెదలకు బదనికగా రుజువైన మొదటి ఈగ ఇదే. సైనిక చెద తల పెద్దది, గట్టి పెంకుతో ఉంటుంది, దాని లోపల చాలా భాగాన్ని దవడలను ఆడించే కండరాలే ఆక్రమించి ఉంటాయి. పిల్లపురుగుకు తిండీ కోటా రెండూ ఒకే చోట దొరికినట్టే. ఆ తర్వాతి సంవత్సరం, 2009లో, మలేషియా నుంచి మిసోటెర్మిస్ మిండెని అనే మరో ఈగను కొత్త జాతిగా వర్ణించారు. అది ఫోరిడే కుటుంబానికి చెందిన చిన్న గూని ఈగ. మాక్రోటెర్మిస్ గిల్వస్ అనే చెదల సైనికుల్లో అది బదనికగా బతుకుతుంది. దాని బారిన పడిన సైనికుల తల ఆకారం మారిపోతుంది, శత్రువు ఎదురైనప్పుడు తెగబడి కరిచే గుణం కూడా తగ్గుతుంది. మీరు చూసిన వీడియోలోని కథనానికి మూలం ఇలాంటి పరిశోధనలేనని అనుకుంటున్నాను.

ఈ రెండు ఉదాహరణల్లోనూ ఈగ ఆశించింది మాక్రోటెర్మిస్ అనే పెద్ద చెదలను, అందులోనూ సైనికులను. మన ఎర్ర చెల్కల్లో వేరుశనగకు, చెరకుకు, మొక్కజొన్నకు, మిరపకు నష్టం చేసేవి ప్రధానంగా ఒడొంటోటెర్మిస్, మైక్రోటెర్మిస్ జాతులు. మీ గట్టు మీద నిలువుగా, గోడలకు మడతలు పెట్టినట్టుగా లేచిన పుట్ట ఉంటే అది బహుశా ఒడొంటోటెర్మిస్ ఒబేసస్‌ది అయి ఉంటుంది. మైక్రోటెర్మిస్ ఒబేసీ అసలు పుట్ట కట్టదు, నేల లోపలే చిన్న చిన్న గదులు చేసుకుని విడివిడిగా వ్యాపిస్తుంది. పైకి ఏ గుర్తూ లేకుండా వేరులోకి దూరే చెదలు చాలాసార్లు ఇవే. బదనికలు సాధారణంగా తమకు తగిన కొద్ది జాతులనే ఎంచుకుంటాయి కాబట్టి, హాంకాంగ్‌లోనో మలేషియాలోనో ఒక ఈగ ఒక చెదను చంపినంత మాత్రాన అదే ఈగ మన చేలో మరో చెదను చంపుతుందని అనుకోవడానికి వీల్లేదు.

మన ఒడొంటోటెర్మిస్ పుట్టల్లోనూ ఫోరిడ్ ఈగలు ఉన్నాయి, కానీ వాటి తీరు వేరు. చెదలు పుట్ట లోపల నమిలిన చెత్తతో స్పంజిలాంటి ముద్దలు కట్టి వాటిమీద బూజును పెంచి తింటాయి. ఆ బూజు తోటల్లో టెర్మిటాక్సీనియా వర్గానికి చెందిన ఈగలు కాపురముంటాయి. ఆడ ఈగలకు రెక్కలు మొండి కాడల్లా మిగిలిపోయి, పొట్ట తెల్లగా ఉబ్బి, చూడగానే ఈగ అని ఎవరూ పోల్చుకోలేనట్టుగా ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బొంబాయిలో పనిచేసిన అస్ముత్ అనే జెస్యూట్ శాస్త్రవేత్త ఇలాంటి వాటిని సేకరించగా, వాస్మన్ అనే కీటక శాస్త్రవేత్త వాటిలో ఒక జాతికి అస్ముత్ పేరే పెట్టారు. చెదలు వీటిని తరిమివేయవు, తమ మధ్యే తిరగనిస్తాయి. ఇవి పుట్టలో అతిథులు, పుట్టను కూల్చే శత్రువులు కావు. పుట్టలో ఈగ కనబడినంత మాత్రాన అది చెదలకు శత్రువేనని ఎందుకు అనుకోకూడదో చెప్పడానికే ఈ ప్రస్తావన తెచ్చాను.

ఇక మీరు పుట్టను పగలగొట్టినప్పుడు ముసిరిన ఈగల సంగతి. అవి రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండి, వీపు గూనిగా ఉండి, ఎగరడం కన్నా ఆగి ఆగి వేగంగా పరిగెత్తడానికే మొగ్గు చూపితే అవి ఫోరిడ్ ఈగలే. అయినా ఆ కుటుంబంలో ఇప్పటికే నాలుగు వేలకు పైగా జాతులను గుర్తించారు, వాటిలో చాలావాటి పిల్లపురుగులు కుళ్లిన పదార్థాలను తిని బతుకుతాయి. గడ్డపార దెబ్బకు నలిగి చచ్చిన చెదల వాసనకే అవి వచ్చి ఉండవచ్చు. అలా కాకుండా ఇంట్లో తిరిగే ఈగ అంత సైజులోనో, ఇంకాస్త పెద్దగానో ఉండి, పసుపు కలిసిన గోధుమ రంగులో కనిపిస్తూ, చీమల బారు పక్కన ఒక పుల్ల మీదో రాయి మీదో కదలకుండా కూర్చుని ఉన్న ఈగను గమనించారా? అది బెంగాలియా కావచ్చు. పుట్ట పగిలిన చోటికి చీమలు వచ్చి చెదలను నోట కరుచుకుని పోతుంటే, ఈ ఈగ చటుక్కున దిగి చీమ నోట్లోని చెదను లాక్కుని పక్కకు ఎగిరిపోతుంది. తొలకరి తర్వాత లేచే ఉసుళ్లను కూడా అది పట్టి తింటుంది. ఇది చెదలను తినేదే గానీ వాటి ఒంట్లో పెరిగే బదనిక కాదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ట్రైకోగ్రామా బదనిక ఒక పురుగు గుడ్డులో తన గుడ్డు పెడితే ఆ గుడ్డు నుంచి రావలసిన గొంగళి రాదు, ఆ గొంగళి రెక్కల పురుగుగా మారి పెట్టవలసిన వందల గుడ్లు కూడా ఉండవు. చంపిన ప్రతి గుడ్డూ వచ్చే తరంలో కొంత తగ్గింపు. చెదల్లో ఈ లెక్క నడవదు. ఈగకు చిక్కే శ్రామిక చెద గానీ సైనిక చెద గానీ గుడ్లు పెట్టేది కాదు. గుడ్లు పెట్టే రాణి పుట్ట అడుగున గట్టి మట్టి గదిలో, చుట్టూ వేల చెదల కాపలాలో ఉంటుంది. అది రోజుకు వేలల్లో గుడ్లు పెడుతూ ఏళ్ల తరబడి బతుకుతుంది. లక్షల్లో ఉన్న జనాభాలో కొన్ని వందల సైనికులు పోతే ఆ ఖాళీని పుట్ట త్వరలోనే పూడ్చుకుంటుంది. పుట్ట మొత్తాన్ని ఒకే ప్రాణిగా భావిస్తే, శ్రామికులను చంపడం దాని గోళ్లు కత్తిరించడం వంటిది.

దీనికి తోడు చెదలు బయట తిరగవు. వేరు లోపలో, నేలలోని సొరంగంలో, కొమ్మ మీదికి కట్టిన మట్టి పొర కిందో పనిచేస్తాయి. ఆ పొర చిట్లిన చోట, పుట్టను మరమ్మతు చేసే వేళ, ఉసుళ్లు ఎగిరేందుకు రంధ్రాలు తెరుచుకున్నప్పుడు మాత్రమే అవి ఈగ కంటబడతాయి. నాకు తెలిసినంతలో చెదల మీద బదనికల ఒత్తిడి తక్కువగా ఉండడానికి మూలకారణం ఈ మట్టి పొరే. చెద తనకోసం కట్టుకున్న కోట అది.

ఈ విషయంలో అమెరికాలో నిప్పు చీమల మీద జరిగిన ప్రయత్నం నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. దక్షిణ అమెరికా నుంచి 1930ల్లో అలబామా రాష్ట్రంలోని మొబైల్ ఓడరేవు ద్వారా అమెరికాలో ప్రవేశించిన సొలెనాప్సిస్ ఇన్విక్టా అనే చీమను అదుపు చేయడానికి, దాని సొంతగడ్డ నుంచే స్యూడాక్టియాన్ అనే ఫోరిడ్ ఈగలను తెచ్చి 1997లో ఫ్లోరిడాలో వదిలారు. ఈగ మెరుపు వేగంతో చీమ ఒంట్లో గుడ్డు గుచ్చుతుంది. పిల్లపురుగు క్రమంగా తలలోకి చేరి, చివరకు తలకూ మొండేనికీ మధ్య ఉన్న పొరను కరిగిస్తుంది. తల రాలిపడిపోయాక ఆ ఖాళీ పెంకులోనే ప్యూపాగా మారుతుంది. ఈగలు స్థిరపడ్డాయి, వదిలిన చోటి నుంచి చాలా దూరం విస్తరించాయి కూడా. అయినా ఏ సమయంలో చూసినా ఈగ బారిన పడిన చీమలు నూటికి రెండు మూడుకు మించడం అరుదు. ఈగ తల మీద తిరుగుతున్నంతసేపూ చీమలు భయపడి మేత మానేసి దాక్కుంటాయి, అసలు మేలు దానివల్లే వస్తుందని ఆశించారు. ఆ మేలు కూడా చీమల సంఖ్యను గణనీయంగా తగ్గించేంతగా కనబడలేదు. నిప్పు చీమ పట్టపగలు నేలమీద బారులు తీరి తిరిగే ప్రాణి. దాని విషయంలోనే ఫలితం ఇంత పరిమితమైతే, ఎండ పొడ తగలకుండా బతికే చెదల విషయంలో ఇంకెంత ఆశించగలం?

ఈగలను పెంచడం మరో పెద్ద అడ్డంకి. ట్రైకోకార్డు తయారు చేయడానికి బియ్యపు చిలుక, అంటే కోర్సైరా, గుడ్లు చాలు. వాటిని జొన్న నూకలో పెంచి కావలసినన్ని గుడ్లు తీసుకోవచ్చు. చెద బదనికకు మాత్రం ప్రాణమున్న సైనిక చెదలే కావాలి. సైనిక చెద తనంతట తాను తినలేదు, దాని దవడలు పోరుకే పనికొస్తాయి. శ్రామికులు నోటికి అందిస్తేనే బతుకుతుంది. కాబట్టి ఈగను పెంచాలంటే రాణితో, శ్రామికులతో, బూజు తోటతో సహా పుట్టలనే పెంచాలి. ఆ ఖర్చును ఏ పంటా మోయలేదు. చెదలను చంపే ఈగలంటూ ఎవరైనా డబ్బాల్లో అమ్మజూపితే దయచేసి కొనకండి. విదేశాల నుంచి మిత్రపురుగులను తెప్పించాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అది లేకుండా తెచ్చిన పురుగు ఏ మేలు చేసే పురుగు మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు.

మెటారైజియం, బివేరియా వంటి శిలీంధ్రాల గురించి కూడా తరచూ అడుగుతారు గనుక ఒక మాట. గాజుపాత్రలో ఇవి చెదలను బాగా చంపుతాయి. పుట్టలో మాత్రం చెదలు ఒకదాని ఒంటినొకటి నాకి బీజాలను తొలగిస్తాయి, చచ్చినవాటిని మట్టితో కప్పేస్తాయి. చెదల జీవ నియంత్రణ కోసం యాభై ఏళ్లుగా జరిగిన ప్రయత్నాలను షువాంక్, సు, గ్రేస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2011లో సమీక్షించి, అవి విఫలమయ్యాయనే తేల్చారు. నేలలో తేమ బాగా ఉన్నప్పుడు బాగా చివికిన ఎరువుతో కలిపి వేసుకుంటే నేను వద్దనను గానీ, దానిమీదే ఆధారపడి మిగతా పనులు మానుకోవద్దు.

ఇంత చెప్పినా, మీ పుట్టలో ఈగ బదనికలు నిజంగా ఉన్నాయో లేదో చూడాలన్న మీ కుతూహలాన్ని నేను మనసారా ప్రోత్సహిస్తాను, ఎందుకంటే ఇలాంటి పరిశీలనలు మన ప్రాంతంలో జరగవలసినంతగా జరగలేదు. పద్ధతి కష్టమైనది కాదు. పుట్ట అంచున కొంత మట్టి పెళ్లను తీస్తే శ్రామికులు లోపలికి పరుగెడతాయి, సైనికులు బయటికి వస్తాయి. ఆ సైనికులను మెత్తని కుంచెతో ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి తీసుకోండి. అడుగున తడిపిన అదే పుట్టమన్ను, ఒక చిన్న బూజు ముద్ద, కొన్ని శ్రామికులను కూడా వేసి, మూతికి పల్చని గుడ్డ కట్టి నీడలో ఉంచండి. తేమ ఆరితే ఒక్క పూటలో అన్నీ చస్తాయి. ముందుగా చేతి భూతద్దంతో చూసి, మిగతావాటికన్నా తల గుండ్రంగా ఉబ్బినవి, దవడలు పొట్టిగా ఉన్నవి, ముట్టుకున్నా కరవడానికి రానివి ఏవైనా ఉంటే వాటిని మరో డబ్బాలో వేరు చేయండి. చచ్చిన చెదలను ప్రతిరోజూ తీసేయడం అన్నిటికన్నా ముఖ్యం. తీయకపోతే గుడ్డ సందుల్లోంచి దూరే శవభక్షక ఈగలు వాటిమీద గుడ్లు పెడతాయి, వారం తర్వాత డబ్బాలో ఈగలను చూసి మీరు బదనికలు దొరికాయని పొరబడతారు. బతికి ఉన్న చెద ఒంటి లోపల పిల్లపురుగు కనబడితేనే అది బదనిక అనడానికి రుజువు. అలాంటిది దొరికితే ఆ చెదను, అందులోంచి వచ్చిన ఈగను 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, తేదీ, ఊరు, పంట రాసిన చీటీతో మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి అందజేయండి. పుట్ట దగ్గర పనిచేసేటప్పుడు పాముల విషయంలో జాగ్రత్త. మీ ఊళ్లో నాగుల చవితికి పాలు పోసే పుట్ట అయితే దాన్ని వదిలేసి వేరొకటి చూసుకోవడం అన్నివిధాలా మంచిది.

ఇక మీ చేను. చెదలకు సహజ శత్రువులు పనిచేసే సమయమంటూ ఒకటుంటే అది తొలకరి వానల తర్వాత ఉసుళ్లు లేచే సాయంత్రాలు. ఆ ఉసుళ్లలో ఒక్కొక్క జంట ఒక్కొక్క కొత్త పుట్టకు మొదలు. పాలపిట్టలు, గోరింకలు, కాకులు, కప్పలు, తొండలు, చీమలు, దొంగ ఈగలు, తూనీగలు అన్నీ కలిసి వాటిలో అత్యధిక భాగాన్ని ఆ రాత్రికే తినేస్తాయి. ఇక్కడ చచ్చిన ప్రతి ఉసిలీ పుట్టబోయే రాణి లేదా రాజు గనుక ఈ నష్టాన్ని చెదలు పూడ్చుకోలేవు. మీరు చేయవలసింది గట్టు మీది చెట్లను కొట్టకుండా ఉంచడం, చేలో పక్షులు వాలడానికి అక్కడక్కడా టి ఆకారపు కర్రలు పాతడం, చెదలు కనబడ్డాయని చేను మొత్తం మీద మందు చల్లకుండా ఉండడం. అలా చల్లితే ముందుగా పోయేవి నేలమీద తిరిగే చీమలే. పొర చిట్లిన ప్రతి చోటా చెదల మీద మొదట పడేవీ ఆ చీమలే.

వేరుశనగలో చెదల నష్టం రెండు విధాలుగా ఉంటుంది. తల్లివేరును తొలిచి మొక్కను చంపడం కంటికి కనబడే నష్టం. కాయ పైపెంకు మీది ఈనెల మధ్య ఉండే మెత్తని పొరను గీకి తినడం రెండోది. అది కాయలు పీకితే గానీ తెలియదు. గీకిన చోట పెంకు పలచబడి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు లోపలికి దిగుతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం గింజలో చేరుతుంది. చివరి దశలో బెట్ట వచ్చి, పంట పక్వానికి వచ్చాక కూడా నేలలో ఉండిపోతే ఈ నష్టం బాగా పెరుగుతుంది.

కాబట్టి కిందటి పంట మోళ్లను, ముఖ్యంగా మొక్కజొన్న, కంది, పత్తి మోళ్లను దుక్కిలో వదలకుండా ఏరేయండి. చివకని పశువుల ఎరువు చెదలను పిలిచి పెట్టినట్టే గనుక బాగా మాగినదే వేయండి. ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోల వేపపిండి వేసుకోండి. ఏటా చెదలు వచ్చే చెల్క అయితే విత్తన శుద్ధి ఒక్కటే మందు విషయంలో నేను గట్టిగా సిఫారసు చేసేది. అందులో మందు గింజ చుట్టూ మాత్రమే ఉంటుంది, నేల మీది చీమలకు తగిలేది చాలా తక్కువ. వేరుశనగకు ఆమోదించిన మందునే, డబ్బా మీద రాసిన మోతాదులోనే వాడండి. పాతకాలపు పొడిమందులను ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. ఆల్డ్రిన్‌ను 1996లో, బీహెచ్‌సీని 1997లో మన దేశంలో నిషేధించారు. గట్టు మీది పుట్టే మూలమని రూఢి అయితే, పైన పగలగొట్టి వదిలేయడం వృథా, కొద్ది రోజుల్లోనే మళ్లీ కట్టుకుంటాయి. అడుగుదాకా తవ్వి రాణి గదిని బయటకు తీసి రాణిని చంపితేనే ఆ పుట్ట క్షీణిస్తుంది. పుట్ట కట్టని మైక్రోటెర్మిస్ అయితే ఈ తవ్వకం అక్కరకు రాదు.

ఈసారి పంటకు మాత్రం ఒక పని మిగిలి ఉంది. నీటి వసతి ఏ కొంచెం ఉన్నా కాయ ఊరే దశలో ఒక తడి ఇవ్వండి. కాయ లోపలి పెంకు నల్లబడడం మొదలైనప్పటి నుంచి వాన కోసం ఎదురుచూడకుండా పీకేయండి. పీకిన చెట్లను పొలంలో మట్టి మీద కుప్పలుగా రోజుల తరబడి ఉంచితే చెదలు కింది నుంచి ఎక్కుతాయి కాబట్టి త్వరగా ఆరబెట్టి కళ్లానికి చేర్చండి. గీకుడు గుర్తులున్న కాయలను చేతితో ఏరి వేరు చేసి, వాటిని విత్తనానికి గానీ, ఇంట్లో తినడానికి గానీ, పశువులకు గానీ వాడవద్దు.